మగ్గాలు ఆగిన నాటి పాట

మొన్న వసుధ ఒక చీర తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. మగ్గం మీంచి దిగి ఎన్నాళ్ళో కాలేదు. తెల్లగా, మందంగా ఉంది. అంచు లేదు, బుట్టా లేదు, జరీ పోగన్నది లేదు. మడత విప్పగానే గంజి వాసన గుప్పుమంది. కొత్త నేత గుడ్డకుండే ఆ పుల్లటి వాసన నా ముక్కుకు తగిలి చాలా ఏళ్ళయింది. నాకు తెలియకుండానే లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి, చీరను రెండు చేతులతో వెలుతురుకు అడ్డంగా పట్టుకుని చూడడం మొదలుపెట్టాను. "చిరుగులేం లేవు టీచర్, నేను చూసే కొన్నాను" అని నవ్వింది వసుధ. ఆ అమ్మాయి బ్యాంకులో పని చేస్తూ సాయంత్రాలు నా దగ్గర పాట నేర్చుకుంటోంది. "చిరుగు కోసం కాదు, అలవాటు" అన్నాను. ఆ అలవాటు నగర్తపేటలో ఒక నేతగాళ్ళ ఇంట్లో నాకు అంటుకున్నదని చెప్పబోయి, ఒక్క మాటలో తేలేది కాదని ఊరుకున్నాను. నోరైతే ఊరుకుంది గానీ అప్పటినుంచి మనసు ఊరుకోవడం లేదు.

ఆ ఇల్లు మా గురువు చెన్నప్ప గారిది. సందులో అందరూ ఆయనను అయ్యవారు అనేవారు, నేనూ అలాగే పిలిచేదాన్ని. వాళ్ళ పెద్దలు హిందూపురం వైపు నుంచి కన్నడ దేశానికి వచ్చి నగర్తపేటలో మగ్గాలు వేసుకున్నారు. ఇంటి వెనక వసారాలో గుంత మగ్గాలుండేవి. వాటిని తమ్ముడు గంగప్ప నడిపేవాడు. చిన్నతనంలో అయ్యవారూ మగ్గంలో కూర్చున్న మనిషే. పాట పిచ్చి పట్టి ఊళ్ళు తిరిగి, నలుగురి దగ్గర నేర్చుకుని, చివరికి మళ్ళీ ఆ సందుకే వచ్చి ముందు గదిలో తంబుర పెట్టుకుని కూర్చున్నారు. సన్నటి మనిషి, ముక్కు మీద ఎప్పుడూ జారే కళ్ళద్దాలు, భుజం మీద నీలి గళ్ళ తువ్వాలు. పొద్దున్నుంచి దీపాలు పెట్టేదాకా ఆ ఇంట్లో మగ్గాల చప్పుడే. నాడె అటూ ఇటూ పరుగెత్తుతూ ఉంటే గోడలు కూడా అదిరేవి. ఆ చప్పుడులోనే మా పాఠం. తంబుర వినపడాలంటే దాని బుర్రకు చెవి ఆనించి కూర్చోవలసిందే.

నేను ఆయన దగ్గర చేరేనాటికి యుద్ధం నడుస్తోంది, నాకు ఇరవై దాటాయి. పెళ్ళయిన మూడో ఏడు నా భర్త విషజ్వరంతో పోయాడు. చింతామణిలో అత్తవారిల్లు వదిలి, నగర్తపేటలో ఇత్తడి పాత్రల అంగడి పెట్టుకున్న అన్న దగ్గరికి వచ్చేశాను. బోసి నుదురు, అంచు లేని తెల్ల చీర, చప్పిడి కూడు. బావగారు, అంటే నా భర్తకు అన్న, అప్పుడప్పుడూ బస్సెక్కి వచ్చి మా అంగడి గట్టు మీద కూర్చుని ఒకే మాట అనేవాడు. "పుట్టింట్లో ఎన్నాళ్ళుంటాదప్పా? ఆడ మా పిల్లోల్లుండారు, ఇంటి పనుండాది. పద్మ వస్తే అందరికీ బాగుంటాది." ఆయన చెడ్డవాడు కాదు. ఆ మాటలో ఆయనకు తప్పేమీ కనపడేది కాదు. నాకు మాత్రం ఆ వంటిల్లు తలుచుకుంటే ఊపిరాడేది కాదు. ఈసారి ఆ గుమ్మం లోపలికి పోతే బతికుండగా బయటికి రానని నాకు తెలుసు. ఒకరోజు అన్న తలుపు దగ్గర నిలబడి, నా మొహం చూడకుండా అన్నాడు. "నిన్ను పంపేకి నాకు మనసొప్పదు పద్మా. కానీ ఏం చెప్పి ఆపల్ల? నీకంటూ ఒక పనుంటే, దానికీడ పనుండాది, రాదు అని చెప్పేకి నాకూ నోరు లేస్తాది."

నాకు వచ్చినది పాట ఒక్కటే. అదీ చిన్నప్పుడు పక్కింటివాళ్ళ గ్రామఫోను ప్లేట్లు వింటూ పట్టుకున్నది. పేటలో ఒక ఆడపిల్లల బడివాళ్ళు పాటల పంతులమ్మను తీసుకోబోతున్నారని, దసరా తర్వాత పరీక్ష పెడతారని అన్న విని వచ్చాడు. వీధిలో పాట చెప్పే మనిషి అయ్యవారే గనక, నన్ను తీసుకుపోయి ఆయన ముందు కూర్చోబెట్టాడు.

ఆ మొదటి రోజు నాకున్న సొత్తంతా గుమ్మరించి పాడాను. గమకం మీద గమకం, ఒకే పాదాన్ని మార్చి మార్చి పాడే సంగతి మీద సంగతి. ఊపిరి సలపనంతగా పాడి, మెచ్చుకుంటారని తలెత్తి చూశాను. అయ్యవారు కళ్ళద్దాలు పైకి తోసుకున్నారు. "గొంతు బాగుండాది. బుట్టాలు జాస్తి ఉండాయి" అన్నారు.

"బుట్టాలేంది అయ్యవారూ?"

"నువ్వేసిన మెలికలన్నీ బుట్టాలే. అవన్నీ తీసేసి సాదాగా పాడు బిడ్డా."

సాదా అన్న మాట మా సందులో అందరి నోటా ఆడేదే. హోటల్లో లోపల ఆలుగడ్డ పల్యం పెట్టని దోసె సాదా దోసె. జరీ లేని చీర సాదా చీర. ఎక్కువ మాట్లాడని మనిషి సాదా మనిషి. పాట సాదాగా ఉంది అన్నారంటే మాత్రం, ఆ పాడినవాణ్ణి మళ్ళీ పిలవరని అర్థం. నాకు అంతకంటే పెద్ద బాధ మరొకటి ఉంది. నా ఒంటి మీద, నా విస్తట్లో, నా నుదుటి మీద లోకం ఆ మాటే రాసిపెట్టింది. కోపం ఆపుకోలేకపోయాను. "కట్టేది సాదా, తినేది సాదా. పాటొక్కటే మిగిలుండాది అయ్యవారూ. దాన్ని కూడా సాదా చెయ్యమంటారా?" అన్నాను. అన్న నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. పెద్దవాళ్ళ ముందు నేను అలా మాట్లాడింది అదే మొదలు.

అయ్యవారికి కోపం రాలేదు. తంబుర గోడకు ఆనించి, "రా, ఒకటి చూపిస్తా" అని వెనక వసారాలోకి నడిచారు. ఆ రోజు ధర్మవరం వైపు నుంచి ఒక నేతగాడు పని కోసం వచ్చి ఉన్నాడు. నెరిసిన మీసాల మనిషి, చేతులు చూస్తేనే పాతకాపని తెలుస్తోంది. అయినా గంగప్ప అతనికి పట్టు ఇవ్వలేదు, జరీ ఇవ్వలేదు. తెల్ల నూలు ఇచ్చి మూరెడు గుడ్డ నేయించాడు. ఎంత పేరున్నవాడైనా ఆ ఇంట్లో ముందు నేయవలసింది అదే. గుడ్డ దిగాక గంగప్ప దాన్ని కిటికీ వెలుతురుకు అడ్డంగా పట్టుకుని ఈ కొస నుంచి ఆ కొసకు చూశాడు. అడ్డంగా వేసే పేక ఎక్కడ వదులైనా, నిలువు పడుగు ఎక్కడ లాక్కుపోయినా వెలుతురులో గీతలా కనపడుతుంది. ఆ మీసాలాయన ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. అతని పెళ్ళాం పిల్లలు బయట గుమ్మం దగ్గర మూటలతో కూర్చుని ఉన్నారు. గంగప్ప గుడ్డ మడిచాడు. బాగుందనలేదు, మెచ్చుకోలేదు. "మగ్గమెక్కు" అన్నాడు. అంతే. ఆ ఇంట్లో పని ఇవ్వడానికి వాడే మాట అదొక్కటే.

"బుట్టా కింద తప్పును దాచేకి అవుతాది" అన్నారు అయ్యవారు నాతో. "జరీ మెరుస్తా ఉంటే పేక వదులైంది ఎవురికీ కనపడదు. సాదాలో దాక్కునేకి చోటుండదు. అందుకే కొత్తోళ్ళకు ముందు సాదా ఇస్తాము." గొంతు తగ్గించి ఇంకో మాట అన్నారు. "నీ మీంద వాళ్ళు కప్పింది నీ చేతిది కాదు బిడ్డా. ఇది నీ చేతిది." నాకు సగమే అర్థమైంది, కోపం మాత్రం పూర్తిగానే మిగిలింది. అయినా మర్నాడు మళ్ళీ వెళ్ళాను.

నేతగాళ్ళకు అమావాస్య సెలవు. ఆ రోజు మగ్గం ముట్టరు. నెలంతా దడదడలాడిన ఆ ఇల్లు ఆ ఒక్కరోజు చెవుల్లో దూది పెట్టినట్టు నిశ్శబ్దంగా ఉండేది. అయ్యవారు శిష్యుల పాట వినేది ఆ రోజే. మిగతా రోజుల్లో పాఠం చెప్పడమే గాని మంచిచెడ్డలు చెప్పేవారు కాదు. మగ్గాల చప్పుడులో మా గొంతులోని లొసుగులు మాకే వినపడేవి కావు, హాయిగా పాడేసేవాళ్ళం. అమావాస్య వస్తోందంటే మాత్రం ముందురోజు నుంచే గొంతు సవరించుకుంటూ తిరిగేదాన్ని. తంబుర మీటి, సరళి వరసలు పాడమనేవారు. స-రి-గ-మ, అంతే. పసిపిల్లలు పాడేవి. ఆ నిశ్శబ్దంలో నేను రిషభం మీద నిలబడితే, అది కొంచెం పక్కకు ఒరిగి నిలబడిందని నాకే తెలిసిపోయేది. తెలియగానే కంగారుపడి ఒక మెలిక వేసి దాటేసేదాన్ని. అయ్యవారు వేలెత్తేవారు. "అదో, బుట్టా ఏసినావు. ఏం దాచినావు ఆడ?" ఏం దాచానో నాకు తెలిసేది. చెప్పలేక తల వంచుకునేదాన్ని. ఆ ఏడాదంతా నేను విన్నది "ఇంకా బుట్టాలుండాయి" అన్న మాట ఒక్కటే.

మా వీధి చివర రామనవమి పందిట్లో అయ్యవారు పాడిన రోజు నా భయం రెట్టింపయింది. ఎప్పటిలాగే పాడారు. తొందర లేదు, మెరుపు లేదు. ఒక్కో స్వరాన్ని చేత్తో పట్టుకుని నేల మీద పెట్టినట్టు పాడారు. జనం పానకం గ్లాసులతో లేచి తిరుగుతున్నారు. పందిరి కమిటీలో కోటు తొడుక్కుని తలపాగా పెట్టుకునే పెద్దమనిషి ఒకాయన ఉండేవాడు. పాట అంటే ప్రాణమిచ్చే మనిషే, మంచి కచేరీలకు ఎంత దూరమైనా వెళ్ళేవాడు. ఆయన మా అన్న పక్కకు వచ్చి, "మీ అయ్యవారి పాట మరీ సాదా కదప్పా. విందుకు పిలిచి మజ్జిగన్నం పెట్టి పంపినట్టుండాది" అన్నాడు. అయ్యవారు పక్కనే తువ్వాలు దులుపుకుంటున్నారు. విన్నారు. విని, ఆయనకు చేతులు జోడించి దండం పెట్టారు. ఇంటికి నడుస్తూ ఉంటే అన్న మెల్లగా చెప్పాడు. "ఆయప్పే పద్మా, బడి కమిటీలో ఉండేది. పరీక్ష పెట్టేది ఆయప్పే."

బావగారు అప్పటికే కబురు పెట్టి ఉన్నాడు, దసరా తర్వాత వచ్చి ఏదో ఒకటి తేల్చుకుని పోతానని. మర్నాడు పాఠానికి వెళ్ళి తంబుర ముట్టకుండా కూర్చున్నాను. "నాకు పని కావల్ల అయ్యవారూ" అన్నాను. "ఆయప్పకు సంగతులు కావల్ల, మెరుపు కావల్ల. సాదాగా పాడితే నన్ను చింతామణికి పంపేస్తారు. మీకేం, మీరు దండం పెట్టి ఇంటికొస్తారు." ఏడుపు వచ్చేసింది. మగ్గాలు కొట్టుకుంటూనే ఉన్నాయి. అయ్యవారు తువ్వాలుతో కళ్ళద్దాలు తుడుచుకున్నారు. తర్వాత తంబుర తీసుకుని, పరీక్షకు నేను అనుకున్న కీర్తన పల్లవి ఎత్తుకున్నారు.

అలాంటి పాట ఆ ఇంట్లో నేను ఎన్నడూ వినలేదు. ఒక సంగతి వేశారు, దాని మీద ఇంకొకటి, దాని మీద మరొకటి. ప్రతిదీ ముందుదానికంటే సొగసుగా ఉంది. ఆయన సన్నటి గొంతు మగ్గాల చప్పుడును తోసుకుని పైకి పోయింది. నేను గ్రామఫోనులో విన్న బుట్టాలన్నీ దాని ముందు గడ్డిపరకలు. నోరు తెరుచుకుని చూశాను. "ఇవన్నీ మీకు వచ్చా?" అన్నాను.

"వచ్చేదానికేముండాది? అందరికీ వస్తాయి" అన్నారు దగ్గుతూ. "తీసేసేకే నాకు ఇన్నేండ్లు పట్టింది."

ఆ రోజు నుంచి దసరా దాకా అవే నేర్పారు. ఒక్క మాట ఎత్తిపొడవలేదు. అయితే ప్రతిరోజూ పాఠం చివర ఆ సంగతులను ఒక్కొక్కటిగా విప్పించేవారు. "చివర ఏసిందాన్ని ముందు తియ్యి. కిందిది లాగితే మొత్తం చిక్కు పడతాది" అనేవారు. అది నాకు వృథా శ్రమ అనిపించేది. పరీక్షకు ముందు వచ్చిన అమావాస్య నాడు ఆ ఆడంబరమంతా పెట్టి పాడి వినిపించాను. ఎక్కడా తప్పలేదు. నాకే గర్వంగా ఉంది. అయ్యవారు తల ఊపి, "వాళ్ళకు ఇది చాలు" అన్నారు. లేవబోతూ ఉంటే వెనక నుంచి అన్నారు. "భయం మాత్రం అట్లే ఉండాది బిడ్డా. బుట్టాల కింద వినపడతా ఉండాది."

పరీక్ష రోజు పొద్దున్నే బావగారు వచ్చాడు. చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని, అన్నతో పాటు బడి వరండాలో కూర్చున్నాడు. "పనైతే సరే. కాకుంటే సాయంత్రం బస్సుకు పోదామమ్మా, గుడ్డలు సర్దిపెట్టుకుని ఉండు" అని ముందే చెప్పాడు. వదిన నిజంగానే సర్ది ఉంచింది. లోపల గదిలో హెడ్‌మిస్ట్రెస్, పందిట్లోని ఆ కోటాయన కుర్చీల్లో ఉన్నారు. కిటికీలోంచి బావగారి సంచి నాకు కనపడుతూనే ఉంది. కీర్తన పాడాను. సంగతులన్నీ వరసగా వచ్చాయి. కోటాయన తొడ మీద తాళం వేశాడు, "శభాష్" అన్నాడు. నా గుండె తేలికపడింది. అంతలో హెడ్‌మిస్ట్రెస్ ఒక తరగతి ఆడపిల్లలను లోపలికి పిలిపించి, నేల మీద కూర్చోబెట్టి, కన్నడంలో అంది, "ఇప్పుడు ఆ పల్లవి వీళ్ళకు నేర్పండి."

నేర్పాను. అంటే, పాడాను. పిల్లలు నోళ్ళు తెరిచి, ఎవరికి చేతనైనంత వాళ్ళు అందుకోబోయి, మధ్యలో చిక్కుపడి ఆగిపోయారు. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. మళ్ళీ పాడాను. ఈసారి ఇంకా అధ్వాన్నం. కొందరు పాడడమే మానేసి నా మొహం చూస్తున్నారు. హెడ్‌మిస్ట్రెస్ చేతి గడియారం చూసుకుంది. వరండాలో బావగారు లేచి నిలబడి తువ్వాలు సర్దుకుంటున్నాడు. గది నిశ్శబ్దమైపోయింది. ఆ నిశ్శబ్దం నాకు తెలిసినదే. అది అమావాస్య నాటి నిశ్శబ్దం. అందులో అయ్యవారి వేలు లేచినట్టే అనిపించింది. ఏం దాచినావు ఆడ?

చివర వేసిన సంగతిని ముందు తీశాను. తర్వాత దాని కిందిది. ఒక్కొక్కటిగా విప్పుకుంటూ వచ్చి, చివరికి పల్లవి ఒక్కటే మిగిలింది. దాని నడుమ ఒకచోట పంచమం మీద ఊరికే నిలబడాలి. ఇంతకుముందు అక్కడ మెలిక వేసి దాటేసేదాన్ని. ఇప్పుడు నిలబడ్డాను. గొంతు వణికింది. నా భయం ఆ గదిలో అందరికీ వినపడింది, కప్పుకోవడానికి నా దగ్గర ఏమీ లేదు. ముందు వరసలో కూర్చున్న ఒక చిన్నపిల్ల నా వైపు జాలిగా చూసింది. సిగ్గుతో చచ్చిపోతాననుకున్నాను. చావలేదు. మళ్ళీ పాడాను. ఈసారి వణుకు కొంచెం తగ్గింది. ఆ చిన్నపిల్ల అందుకుంది. తర్వాత పక్క పిల్ల, తర్వాత వరసంతా, తర్వాత గదంతా. పల్లవి ఆ పిల్లల నోట తిన్నగా, నిండుగా వినపడింది. వరండాలో అన్న లేచి కిటికీ దగ్గరికి వచ్చాడు.

"ఇది మరీ సాదా అయిపోయింది కదమ్మా" అన్నాడు కోటాయన. నాకు ఆయన మీద ఇప్పటికీ కోపం లేదు. ఎందుకంటే ఆ వెంటనే, పిల్లల వైపు చూసి, నిజాయితీగా ఇంకో మాట అన్నాడు. "నాకు ముందు పాడిందే ఇష్టం. కానీ బడికి ఇదే కావల్లలే." హెడ్‌మిస్ట్రెస్ పిల్లలతో ఇంకోసారి పాడించమంది, సోమవారం నుంచి బడికి రమ్మంది. బావగారు సంచి భుజానికి తగిలించుకుని, "పని దొరికె కదా, ఉండమ్మా. పిల్లోల్లకు నేనేదో చెప్పుకుంటా" అని ఒక్కడే బస్టాండుకు నడిచాడు. ఆయన వీపు కనుమరుగయ్యేదాకా చూస్తూ నిలబడ్డాను. ఆ తర్వాత ఒక్కసారిగా మెట్లు దిగాను.

అయ్యవారి దగ్గరికి పరుగున పోయి జరిగిందంతా చెప్పాను. మెచ్చుకుంటారేమోనని ఆశ. "వణికిందా గొంతు?" అని అడిగారు. వణికిందన్నాను. "మంచిది. వినపడనీ" అన్నారు. అంతే. ఆ తర్వాత కూడా ప్రతి అమావాస్యకూ వెళ్తూనే ఉన్నాను. బడిలో అందరూ పద్మ టీచర్ అని గౌరవంగా పిలుస్తున్నా, ఆ గదిలో కూర్చుంటే మాత్రం మళ్ళీ అదే భయం, అదే మాట. "ఇంకా ఒక బుట్టా ఉండాది." ఎక్కడుందో చెప్పేవారు కాదు. ఉక్రోషం వచ్చేది. సాదా అన్న ఆ ఒక్క మాటను ఆయన నా పాట మీద ఒక్కసారైనా పెట్టాలని నాకు ఎంత కోరికగా ఉండేదో, ఒకప్పుడు ఆ మాటకే ఏడ్చిన మనిషిని, ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది.

స్వాతంత్ర్యం వచ్చిన కొన్నాళ్ళకు అయ్యవారిని దగ్గు పట్టుకుంది. ముందు పాఠాలు మానేశారు, తర్వాత మంచం పట్టారు. ఒక మధ్యాహ్నం గంగప్ప బడికి మనిషిని పంపాడు, అయ్యవారు రమ్మంటున్నారు, బేగ రమ్మని. పిల్లలను వదిలేసి బయల్దేరాను. సందు మలుపు తిరగ్గానే మగ్గాల చప్పుడు వినపడాలి. వినపడలేదు. నాలుగడుగులు వేసి ఆగి చెవి పెట్టాను. ఏమీ లేదు. ఆ రోజు అమావాస్య కాదు. పెళ్ళిళ్ళ రోజులు, ఇంటి నిండా నేయవలసిన చీరలున్న రోజులు. నేతగాడు పని మధ్యలో మగ్గం ఆపేది ఇంట్లో మనిషి పోయినప్పుడే. నాకు ఏడుపు తన్నుకొచ్చింది. ఆ సందులో ఆ గుమ్మం దాకా ఎలా నడిచానో తెలియదు.

గంగప్ప మెట్టు మీద చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. పని లేని ఆ చేతులు చూసి నేను నోట్లో కొంగు కుక్కుకున్నాను. అతను తలెత్తి, "ఏడవద్దమ్మా, ఉండాడు" అన్నాడు. "నువ్వొస్తావని మగ్గాలు ఆపమన్నాడు. అప్పట్నుంచీ సుమ్మనే చేతులు ముడుచుకుని కూర్చోనుండాము."

లోపల అయ్యవారు గోడకు దిండు వేసుకుని ఆనుకుని ఉన్నారు. ఎముకలు తప్ప ఏమీ మిగల్లేదు. తంబుర నా వైపు తిప్పి పెట్టి ఉంది. "పాడు" అన్నారు.

"ఏం పాడల్ల అయ్యవారూ?"

"సరళి వరస."

మీటాను. ఏడ్చిన గొంతు, బొంగురుపోయి ఉంది. మెలిక వేద్దామన్నా పలకదు, వేయాలన్న ధ్యాసా లేదు. షడ్జం మీద నిలబడ్డాను. రిషభం మీద నిలబడ్డాను. ఏ స్వరం ఎక్కడుండాలో అక్కడికి వెళ్ళి, అక్కడున్నంతసేపు ఉండి, తర్వాతి దానికి వెళ్ళాను. ఆ ఇంట్లో చీమ నడిస్తే వినపడేలా ఉంది. నా దుఃఖం ప్రతి స్వరంలోనూ వినపడుతూనే ఉంది, దాన్ని అలాగే వినపడనిచ్చాను. పైకి వెళ్ళి, కిందికి దిగి, మళ్ళీ షడ్జం మీదికి వచ్చి ఆగాను. ఆయన వేలు లేస్తుందని చూశాను. లేవలేదు. కళ్ళు మూసుకునే ఉన్నారు. నిద్రపోయారేమో అనుకున్నాను. అంతలో గుమ్మంలో నిలబడ్డ తమ్ముడి వైపు కొంచెం తల తిప్పారు.

"గంగా, ఇంక మీ పని చూసుకోండి" అన్నారు. తర్వాత కళ్ళు తెరిచి నన్ను చూశారు. "నువ్వూ మగ్గమెక్కమ్మా."

గంగప్ప పాట గురించి నాతో ఎన్నడూ ఒక్క మాట మాట్లాడినవాడు కాదు. అతను నా మొహంలోకి చూసి తల ఊపి వెనక్కి వెళ్ళాడు. ముందు ఒక మగ్గం, తర్వాత ఇంకొకటి, కాసేపట్లో ఇల్లంతా దడదడలాడింది. ఆ చప్పుడులో నేను ఎంత ఏడ్చినా ఎవరికీ వినపడలేదు.

అయ్యవారు ఆ నెల దాటలేదు. నేను పాటల టీచరుగా పనిచేసి, రిటైరై, ముసలిదాన్నయ్యాను. అంచు చీరలు కట్టుకున్నాను, కావలసింది వండుకుని తిన్నాను, నా ఇల్లు నేను కట్టుకున్నాను. సంగీత సభలకు ఇప్పటికీ వెళ్తాను. మంచి సంగతి పడితే అందరికంటే ముందు నేనే ఆహా అంటాను. కానీ అమావాస్య నాడు మాత్రం పంకా ఆపేసి, రేడియో కట్టేసి, వంటింట్లో కారే కుళాయి కింద గుడ్డ పెట్టి, తెల్లవారుజామున ఒక్కదాన్నే సరళి వరస పాడుకుంటాను. ఇన్నేళ్ళయినా ఏదో ఒకచోట బుట్టా పడుతూనే ఉంటుంది. ఏం దాచానో వెతుక్కుంటాను. చాలాసార్లు దొరుకుతుంది.

వసుధ తెచ్చిన చీరలో ఎక్కడా పేక వదులు లేదు. ఎవరు నేశారో, ఎక్కడ నేశారో ఆ పిల్లకు తెలియదట. వసుధ గొంతు బాగుంటుంది, బుట్టాలు కొంచెం ఎక్కువ. పోయిన అమావాస్యకు పాడించినప్పుడు గాంధారం దగ్గర మెలిక వేసి దాటేసింది. ఏం దాచావని అడిగితే కళ్ళనీళ్ళు పెట్టుకుంది, చెప్పలేదు. నేను గుచ్చి అడగలేదు. చీరను మడిచి, ఎల్లుండి కట్టుకోవడానికి తీసి పెట్టాను. ఎల్లుండి అమావాస్య, ఆ పిల్ల వస్తుంది.